ముందు రూపం, తర్వాత నిప్పు

మొన్న ప్రొద్దుటూరులో ఇంటికి టైల్స్ చూద్దామని షాపుకు వెళ్తే, అక్కడి అబ్బాయి "అన్నా, ఇది సిరామిక్, అది విట్రిఫైడ్, ఆ పక్కది పోర్సిలిన్, మీకు ఏది కావాల?" అని అడిగాడు. మా బేల్దారిదీ అదే మాట. ఇది బియ్యం, అది కర్నూలు సోనా అన్నట్టుంది నాకు. మూడూ సిరామిక్కే కదా! ఆ పూట అక్కడ వివరించే టైం లేక ఊరుకున్నాను కానీ, ఇంటికొచ్చాక కూడా ఆ సంగతి మనసులోంచి పోలేదు.

మన తెలుగులో కూడా ఈ గందరగోళం ఉంది. టీ కప్పు, ఊరగాయ జాడీ, పాత ఇళ్ళలో తెల్లటి ఫ్యూజు, బాత్రూములో బేసిన్, అన్నిటినీ పింగాణీ అనేస్తాం. కుండను మాత్రం పింగాణీ అనం, ఇటుకను అసలే అనం. శాస్త్రం లెక్కలో ఇవన్నీ ఒకే కుటుంబం. సిరామిక్ అనే మాటకు మూలం గ్రీకులో కెరమోస్, అంటే కుమ్మరి మట్టి, ఆ మట్టితో చేసిన కుండ. ఏథెన్సులో కుమ్మరులు ఉండిన పేటను కెరమైకోస్ అనేవాళ్ళు. ఇంత పెద్ద టెక్నికల్ మాట పుట్టింది కుమ్మరి వీధిలోనే.

పుస్తకాల్లో నిర్వచనం ఇలా ఉంటుంది: లోహం కానిది, చెక్కలాగా ప్లాస్టిక్‌లాగా కర్బనంతో అల్లుకున్నది కానిది, వేడితో గట్టిపడిన ఘనపదార్థం. ఇందులో ఆ చివరి ముక్క, వేడితో గట్టిపడడం, అదే అసలు సంగతి అని నా అభిప్రాయం, ఎందుకంటే మిగతా రెండూ బండరాయికి కూడా సరిపోతాయి.

కుమ్మరి ఆవంలో ఏం జరుగుతుందో చూద్దాం. బంకమట్టి రేణువులు చాలా సన్నటి పలకల్లాంటివి, వాటి మధ్య నీళ్ళు ఉన్నంతసేపూ ఒకదానిమీద ఒకటి జారుతుంటాయి, అందుకే సారె మీద మట్టి చెయ్యి ఎటు చెబితే అటు లేస్తుంది. ఎండలో పెడితే ఆ తడి ఆరి గట్టిపడుతుంది కానీ అది ఇంకా మట్టే, నీళ్ళు పోస్తే మళ్ళీ ముద్దయిపోతుంది. మన మట్టి మిద్దెల గోడలు పెద్ద వానలకు కరిగేది అందుకే. పచ్చి కుండను ఆవంలో పెట్టి వేడి 500, 600 డిగ్రీలకు చేరిస్తే కథ మారుతుంది. మట్టి స్ఫటికంలో భాగంగా బిగుసుకుని ఉన్న హైడ్రాక్సిల్ గుంపులు (ఆక్సిజన్, హైడ్రోజన్ జంటలు) కూడా నీటి ఆవిరై బయటికి పోతాయి, దాంతో ఆ స్ఫటికం కట్టుబడి కూలి వేరే పదార్థం తయారవుతుంది. ఇక దాన్ని నెలల తరబడి నానబెట్టినా మట్టి కాదు. వేడి ఇంకా పెంచితే రేణువుల అంచులు ఒకదానికొకటి అతుక్కుంటాయి, కొంత భాగం కరిగి గాజులాగా మారి సందులను నింపుతుంది. ఇలా సందుల్లో గాజు నిండడమే విట్రిఫికేషన్, లాటిన్‌లో విట్రమ్ అంటే గాజు. అంటే విట్రిఫైడ్ టైల్ అనేది ఇంకా ఎక్కువ కాలిన సిరామిక్ టైల్.

ఎంత వేడిలో కాలింది, లోపల ఎన్ని సందులు మిగిలాయి అన్నదాన్ని బట్టే ఈ పేర్లన్నీ వచ్చాయి. మన కుండ సాధారణంగా 1000 డిగ్రీల లోపే కాలుతుంది, సందులు బాగా మిగులుతాయి, వాటిగుండా నీరు బయటికి ఊరి ఆవిరవుతుంది కాబట్టే కడప ఎండల్లో కూడా కుండనీళ్ళు చల్లగా ఉంటాయి. మా జేజి ఊరగాయ ఎప్పుడూ కుండలో పెట్టేది కాదు, జాడీలోనే. కుండ అయితే నూనె, ఉప్పు, పులుపు అన్నీ గోడలోకి ఇంకుతాయి. జాడీ 1200 డిగ్రీల పైన కాలుతుంది, పైన గాజు పూత కూడా ఉంటుంది, పులుపు దాన్ని ఏమీ చెయ్యలేదు. మనం పింగాణీ జాడీ అంటాం కానీ ఇంగ్లీషు లెక్కలో అది స్టోన్‌వేర్, పోర్సిలిన్ వేరు. పోర్సిలిన్‌కు కెయోలిన్ అనే తెల్లమట్టి కావాలి (చైనాలో జింగ్‌డెజెన్ దగ్గరి గావోలింగ్ అనే గుట్ట పేరు మీద వచ్చిన మాట అది), దానికి ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్ అనే ఖనిజాలు కలిపి 1300 డిగ్రీల ప్రాంతంలో కాలుస్తారు. పలుచటి కప్పును దీపానికి ఎదురుగా పట్టుకుంటే వెలుతురు లీలగా కనిపిస్తుంది చూడండి, అది అసలైన పోర్సిలిన్.

షాపులో మీరే పరీక్ష చేసుకోవచ్చు. టైల్‌ను వెనక్కి తిప్పి చెంచాడు నీళ్ళు పోయండి. గోడకు వేసే మామూలు టైల్ గబగబా పీల్చేస్తుంది, దాని బరువులో 10 శాతం దాటి నీరు పడుతుంది. విట్రిఫైడ్‌కు ఆ లెక్క 0.5 శాతం లోపే, నీళ్ళు అలాగే నిలబడతాయి. బేల్దారులు గోడ టైల్స్‌ను తొట్టిలో నానబెట్టేది ఇందుకే, లేకపోతే సిమెంటుకు కావలసిన నీళ్ళన్నీ టైలే తాగేస్తుంది. విట్రిఫైడ్‌కు ఆ బాధ లేదు కానీ ఉత్త సిమెంటు దాన్ని సరిగా పట్టుకోదు, టైల్ గమ్ కావాలి. మా పాత ఇంట్లో ఈ సంగతి పట్టించుకోకుండా ఉత్త సిమెంటుతో వేసేశారు, రెండేళ్ళకే ఎక్కడ తట్టినా డొల్ల శబ్దం. పేరు తేడా తెలియకపోతే ఇలా డబ్బు పోతుంది.

అదే షాపులో కడప బండలు, తాడిపత్రి బండలు, బేతంచెర్ల బండలు కూడా వరసగా నిలబెట్టి ఉంటాయి. ఇవి సిరామిక్ కావు. కోట్ల ఏళ్ళ కింద నీటి అడుగున పేరుకున్న సున్నపురాయి, మనిషి కోసి పాలిష్ పెట్టాడంతే. వంటింటి గట్టు మీద కడప బండ ఉంటే నిమ్మకాయ పిండినచోట మచ్చ పడుతుంది, ఎందుకంటే ఆమ్లం సున్నపురాయిని తింటుంది. టైల్ మీద అదే నిమ్మరసం తుడిస్తే పోతుంది.

ఆ సున్నపురాయే ఎర్రగుంట్ల ఫ్యాక్టరీల్లో మట్టితో కలిసి 1450 డిగ్రీల దగ్గర కాలి, క్లింకర్ అనే గట్టి ఉండలై, పొడై సిమెంటు అవుతుంది. సిమెంటును సిరామిక్ కుటుంబంలో వేసే పుస్తకాలు ఉన్నాయి, నాకూ అభ్యంతరం లేదు, దూరపు చుట్టం అనుకోవచ్చు. నేను గుర్తుపెట్టుకునే పద్ధతి ఇది: కుండకు ముందు రూపం, తర్వాత నిప్పు. గాజుకు ముందు నిప్పు, కరిగాక రూపం. సిమెంటుకు ముందు నిప్పు, తర్వాత నీళ్ళు, అప్పుడు రూపం. గాజు పూర్తిగా కరిగి, అణువులు వరసలో కుదురుకునేలోపే బిగుసుకుంటుంది, అందుకే చాలామంది దాన్ని సిరామిక్ నుంచి విడిగా ఉంచుతారు. ఈ గీతను చెరిపేసిన సంఘటన ఒకటుంది. 1953లో అమెరికాలో గాజు తయారుచేసే కార్నింగ్ కంపెనీలో డొనాల్డ్ స్టూకీ అనే శాస్త్రవేత్త ఒక గాజు ముక్కను 600 డిగ్రీలకు వేడిచేయబోతే కొలిమి 900 దాకా వెళ్ళింది, తీస్తూంటే ముక్క జారి కిందపడింది, పగల్లేదు. లోపల గాజంతా సన్నటి స్ఫటికాలుగా మారిపోయింది. మంట లేని ఇండక్షన్ స్టవ్ మీది నల్లటి పలక ఆ జాతిదే, గ్లాస్ సిరామిక్.

పగలడం మాత్రం ఈ కుటుంబానికి పుట్టుకతో వచ్చింది. కుమ్మరికి ఏడాది, గుదియకు (దుడ్డుకర్రకు) ఒక పెట్టు అన్నారు పెద్దలు. స్టీలు చెంబు కిందపడితే సొట్ట పడుతుంది, లోపలి అణువుల వరసలు జారి దెబ్బను సర్దుకుంటాయి. సిరామిక్‌లో బంధాలు అలా జారనివ్వవు, కంటికి కనపడని చిన్న పగులు చాలు, దెబ్బ తగలగానే అది ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెడుతుంది. అయినా ఆ బిగువు వల్లే అవి చాలా ఎక్కువ వేడికి కూడా నిలుస్తాయి. బండి స్పార్క్ ప్లగ్గులో తెల్లటి భాగం అల్యూమినా, అంటే అల్యూమినియం ఆక్సైడు, అది కరగాలంటే 2000 డిగ్రీలు దాటాలి. నొక్కితే కరెంటు పుట్టించే గ్యాస్ లైటర్ గుండె కూడా సిరామిక్కే. స్పీకర్ వెనక నల్లటి అయస్కాంతాన్ని ఇనుమనుకుంటాం కానీ సుత్తితో కొడితే కప్పులాగా ముక్కలవుతుంది, ఎందుకంటే అది ఇనుప ఆక్సైడుతో కాల్చి చేసిన సిరామిక్.

ఒక్క విషయంలో మాత్రం నాకు కోపం వస్తుంది. "సిరామిక్ కోటింగ్" పెనాన్ని మట్టి పాత్రలాంటిదే అని చెప్పి అమ్ముతారు, నేనూ నమ్మి కొన్నాను. అది అల్యూమినియం పెనం. దాని మీద సిలికా ఆధారంగా చేసిన ద్రవాన్ని సన్నటి పొరగా పూసి వేడితో గట్టిపరుస్తారు. వాడుకోవడానికి బాగానే ఉండొచ్చు, కానీ కుండతో పోలిక పెట్టడం కొనేవాళ్ళను తప్పుదోవ పట్టించడమే.

మా ఊరి బయట ఒక పాటిదిబ్బ ఉంది, ఒకప్పటి ఊరు పాడై మిగిలిన దిబ్బ అది. నాగలి పోయినప్పుడల్లా ఎర్రటి, నల్లటి కుండ పెంకులు పైకి వస్తాయి, చిన్నప్పుడు వాటితో తొక్కుడుబిళ్ళ ఆడేవాళ్ళం. ఆ పాత ఊరి గోడలు మట్టిలో కలిసిపోయాయి, దూలాలు చెదలు తినేశాయి, ఇనుము తుప్పై రాలిపోయింది. పెంకులు మాత్రం అలాగే ఉన్నాయి, కొన్నిటి అంచు మీద కుమ్మరి వేలి గీత కూడా కనిపిస్తుంది.