క్యాషియో కాదన్నా, సింథసైజర్: నా బల్ల దగ్గర వినపడే అపోహలు

ఆర్కెస్ట్రా వాళ్ల కీబోర్డులు, ప్యాడ్లు బాగుచేయడం నా పని. ఈ మధ్య పాత సింథసైజర్లు, డ్రమ్ మెషీన్లు కూడా రావడం పెరిగింది. వాటితోపాటే వీడియోల్లో విన్న మాటలూ వస్తున్నాయి. మెషీన్ కంటే ముందు ఆ మాటల్ని విప్పాల్సి వస్తోంది.

అపోహ: సింథసైజరంటే క్యాషియోనే. బటన్ నొక్కితే పాట వచ్చేస్తుంది.

మన ఊళ్లలో ఏ కంపెనీ కీబోర్డైనా క్యాషియోనే, ఆ పేరుతో నాకు పేచీ లేదు. తేడా లోపల ఉంది. పెళ్లి ఆర్కెస్ట్రా కీబోర్డులో వయొలిన్ నొక్కితే వినపడేది ఎవరో వాయించిన వయొలిన్ రికార్డు ముక్క. 1970లో వచ్చిన మినీమూగ్ సింథసైజర్‌లో అలాంటి వాద్యం ఒక్కటీ ఉండదు. మూడు ఆసిలేటర్లు (స్వరాన్ని పుట్టించే సర్క్యూట్లు), ఒక ఫిల్టరు (ఆ స్వరాన్ని వడగట్టేది), ఒకసారికి ఒకే స్వరం, అంతే. మిగతాదంతా నాబులు తిప్పే చేతిలో ఉంటుంది.

అపోహ: 808 డ్రమ్ మెషీన్‌లో ఉన్నవి డ్రమ్ముల రికార్డింగులు.

లేవు. ఒక్కటి కూడా లేదు. రోలాండ్ టీఆర్-808 1980లో వచ్చి 1983లో ఆగిపోయింది. తయారైనవి సుమారు 12 వేలు. అందులో కిక్ (పెద్ద డ్రమ్ము దెబ్బ) ఎలా పుడుతుందో చూస్తే ముచ్చటేస్తుంది. రెసిస్టర్లు, కెపాసిటర్లతో కట్టిన చిన్న సర్క్యూట్ ఒకటి మోగీ మోగకుండా అంచు మీద కూర్చుని ఉంటుంది. దానికి ఒక్క పల్స్ తగిలితే చాలు, గుడి గంట కొట్టినట్టు కాసేపు మోగి అణిగిపోతుంది. డికే నాబు తిప్పితే మారేది ఆ అణిగే సమయమే. హై-హ్యాట్, సింబల్ (తాళాల్లాంటి శబ్దాలు) కోసం ఒకదానికొకటి శ్రుతి కుదరని ఆరు స్క్వేర్ వేవ్ ఆసిలేటర్లను కలిపి ఫిల్టర్లలో వడగడతారు. ఆ ఆరింటిలో రెండే కౌబెల్. చప్పట్లు వట్టి నాయిస్, అంటే హోరు.

ఆ నాయిస్‌కీ ఒక కథ ఉంది. మామూలుగా పారేయాల్సిన, లోపమున్న ట్రాన్సిస్టర్లను కావాలనే కొన్నామని రోలాండ్ స్థాపకుడు ఇకుతారో కకెహషి స్వయంగా చెప్పాడు. ట్రాన్సిస్టర్ కంపెనీకి చెత్త అయినది వీళ్లకి చప్పట్లయింది.

గందరగోళమంతా 1983లో వచ్చిన టీఆర్-909 వల్ల. అందులో కిక్, స్నేర్ అనలాగే (సర్క్యూట్‌లోంచి పుట్టేవే) కానీ హై-హ్యాట్, సింబల్స్ నిజంగానే రికార్డింగులు, అదీ 6 బిట్ల ముతక రకానివి. ఈ రెండు మెషీన్లనూ ఒకే గాటన కట్టేస్తే ఎలా?

అపోహ: ఇవన్నీ ఎనభైల సినిమా పాటలతో మన దేశానికి వచ్చాయి.

1969లోనే అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో మూగ్ మాడ్యులర్ (విడివిడి భాగాల్ని తీగలతో కలుపుకునే సింథసైజర్) ఉంది. అమెరికా స్వరకర్త డేవిడ్ ట్యూడర్ వచ్చి అక్కడ స్టూడియో అమర్చాడు. సంగీతకారిణి గీతా సారాభాయ్ లాంటి వాళ్లు అందులో పనిచేశారు. వాళ్లు రికార్డు చేసిన టేపులు చాలా ఏళ్లు అక్కడే పడి ఉండి ఈ మధ్యే బయటికొచ్చాయి.

దీనికి ఎదురు అపోహ ఇంకోటి: యాసిడ్ హౌస్ (టీబీ-303 మెషీన్ కీచు మీద నడిచే డాన్స్ సంగీతం) పుట్టింది బొంబాయిలోనేనట. బొంబాయి స్టూడియో వాద్యకారుడు చరణ్‌జీత్ సింగ్ 1982లో జూపిటర్-8 సింథసైజర్, టీబీ-303 బేస్ మెషీన్, టీఆర్-808 పెట్టుకుని రాగాల్ని డిస్కో దరువు మీద వాయించిన మాట నిజం. వింటే ఆశ్చర్యంగానే ఉంటుంది. కానీ ఆ రికార్డు అప్పుడు అమ్ముడుపోలేదు, 2010లో మళ్లీ విడుదలయ్యాకే లోకానికి తెలిసింది. 1987లో షికాగోలో ఫ్యూచర్ బృందం అదే 303తో చేసింది వేరే దారి. ఒకే మెషీన్ ఇద్దరి చేతుల్లో ఒకేలా పలకడంలో వింతేముంది? గొప్ప చెప్పుకోవడానికి చరణ్‌జీత్ చేసిన పనే చాలు, లేని వంశవృక్షం అక్కర్లేదు.

అపోహ: సింథసైజర్ మీద గమకం పలకదు.

సంగీతం మాస్టార్ల దగ్గర ఎక్కువగా వినే మాట ఇది. వాళ్లని తప్పుపట్టలేం, వాళ్లు చూసినవన్నీ పన్నెండు మెట్ల కీబోర్డులే. కానీ ఆ మెట్లు కీబోర్డువి, ఆసిలేటర్‌వి కావు. మాడ్యులర్‌లో స్వరం అంటే వోల్టేజీ. ఒక వోల్టు పెరిగితే ఒక స్థాయి పైకి. దాన్ని పన్నెండు భాగాలు చేస్తే ఒక్కో మెట్టు సుమారు 83 మిల్లీవోల్టులు. రెండు మెట్ల మధ్య ఎక్కడైనా ఆగొచ్చు, ఊగొచ్చు, జారొచ్చు. ఒక రిబ్బన్ కంట్రోలర్ (వేలు జార్చి వాయించే పట్టీ) తగిలించి తోడి గాంధారం ఊపి చూపిస్తే ఒక మాస్టారు కాసేపు ఏమీ మాట్లాడలేదు. "మరి శ్రుతి నిలుస్తుందా?" అని అడిగారు చివరికి.

అది సరైన ప్రశ్న. వోల్టేజీని స్వరస్థాయిగా మార్చేది ట్రాన్సిస్టర్, దానికి వేడి పడదు. సర్దుబాటు లేకుండా వదిలేస్తే ఒక్క డిగ్రీ పెరిగితే కొలత 0.33 శాతం తప్పుతుంది. ఐదు స్థాయిల దూరంలో అది 20 సెంట్లు, అంటే మెట్టులో ఐదో వంతు. అందుకే వేడికి ఎదురు నడిచే టెంప్కో రెసిస్టర్ ఒకటి అక్కడ అంటించి ఉంచుతారు. మే నెలలో కచేరీ అయితే అరగంట ముందే ఆన్ చేసి పెట్టండి.

అలాగని పాతవన్నీ శ్రుతి తప్పుతాయనుకోవద్దు. 1984 నాటి రోలాండ్ జూనో-106 సింథసైజర్‌లో స్వరం క్రిస్టల్ గడియారం నుంచి వస్తుంది. అది కదలదు.

అపోహ: "అన్నా, అనలాగ్ అంటే ఆ వార్మ్‌నెస్ వేరే!"

జూనో మీద ఇలా మురిసిపోయేవాళ్లకి నేను కోరస్ (స్వరాన్ని మెల్లగా ఊగించి చిక్కగా చేసే ఎఫెక్ట్) బటన్ ఆపి వినిపిస్తాను. మొహాలు మారతాయి. మీరు ప్రేమించింది చాలావరకు ఆ కోరస్‌నే.

అపోహ: పాతది కొనగానే కెపాసిటర్లన్నీ మార్చేయాలి.

వద్దు. ముందు పవర్ సప్లై వోల్టేజీలు, రిపుల్ (వాటిలో మిగిలిపోయిన ఏసీ ఊగు) చూడండి. తర్వాత స్లైడర్లు, కీల కింద కాంటాక్టులు శుభ్రం చేయండి. సగం జబ్బులు అక్కడే తగ్గుతాయి. పాడవని భాగాన్ని మార్చబోయి బోర్డు మీది రాగి పట్టీ లేపేసిన వాళ్లని చూశాను, మొదట్లో నేనూ లేపాను. నిజంగా భయపడాల్సింది మెమరీ బ్యాటరీకి. కోర్గ్ పాలీసిక్స్‌లో అది కారి బోర్డునే తినేస్తుంది. కొన్న రోజే విప్పి చూడాలి.

జూనో-106లో జబ్బు వేరు. స్వరానికొకటి చొప్పున ఆరు వాయిస్ చిప్పులున్నాయి, వాటి మీది నల్ల పూత కాలం గడిచేకొద్దీ లీకేజీకి దారితీస్తుంది. ఆరు నొక్కుల్లో ఒకటి మూగబోవడం, లేదా చిటపటలు, దాని గుర్తు. చిప్పు ఊడదీసి రెండు మూడు రోజులు అసిటోన్‌లో నానబెట్టి పూత ఒలిచేస్తే చాలాసార్లు బతుకుతుంది. మూత బిగించిన గాజు సీసా వాడండి, మంట దరిదాపుల్లో వద్దు.

అపోహ: జపాన్ మెషీన్‌కి పిన్ అడాప్టర్ పెడితే చాలు.

అడాప్టర్ మార్చేది పిన్ను ఆకారాన్నే, కరెంటును కాదు. అక్కడ 100 వోల్టులు, ఇక్కడ 230. స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా పెట్టిన మెషీన్లు నా దగ్గరికి వాసనతో సహా వస్తాయి.

యూరోర్యాక్ (చిన్న సైజు మాడ్యులర్) వాళ్లకి ఇలాంటిదే ఒక మాట: డాప్ఫర్ కంపెనీ పద్ధతిలో రిబ్బన్ కేబుల్ మీది ఎర్ర గీత మైనస్ 12 వోల్టుల వైపు ఉండాలి. ఎరుపంటే ప్లస్సే అనుకుని నేను సొంతంగా చేసిన మొదటి మాడ్యూల్‌ని నేనే కాల్చాను.

అపోహ: ఇంట్లో చేసుకోవాలంటే ఇంజినీరింగ్ చదవాలి, లక్షలు కావాలి.

హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్లి సీడీ40106 ఐసీ అడగండి. టీ, సమోసా ఖర్చులో వస్తుంది. లోపల ఆరు ఇన్వర్టర్లుంటాయి. ఒకదాని అవుట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కి వెయ్యి ఓముల రెసిస్టర్, లక్ష ఓముల పాట్ (నాబుతో తిప్పే రెసిస్టర్) వరసగా కట్టి, ఇన్‌పుట్ నుంచి గ్రౌండ్‌కి 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. 9 వోల్టుల బ్యాటరీ తగిలిస్తే అదే ఆసిలేటర్. పాట్ తిప్పితే వంద హెర్ట్జ్ దరిదాపుల నుంచి కీచుమనేదాకా వెళ్తుంది. అలాంటివి ఆరు చేయొచ్చు. రెండింటిని దాదాపు ఒకే శ్రుతిలో పెట్టి, ఒక్కోదానికీ లక్ష ఓముల రెసిస్టర్ వేసి కలిపితే శ్రుతి పెట్టెలో వినపడే ఆ అలల్లాంటి ఊగు మొదలవుతుంది. రెండు అవుట్‌పుట్‌లని రెసిస్టర్ లేకుండా నేరుగా కలపొద్దు, వాడని ఇన్‌పుట్‌లని గాల్లో వదలకుండా గ్రౌండ్‌కి కట్టండి. హోమ్ థియేటర్‌కి పెట్టే ముందు సిగ్నల్‌ని బాగా తగ్గించండి, 9 వోల్టుల స్క్వేర్ వేవ్ స్పీకర్‌నే కాదు, పక్కింటి వాళ్లని కూడా లేపుతుంది.