తొలకరిని గుర్తుపట్టే చిన్న జెల్ల

మృగశిర కార్తె నాడు వరంగల్ చేపల మార్కెట్ ఎంత కిటకిటలాడుతుందో మనవాళ్లకు చెప్పనక్కరలేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే హనుమకొండలోని మా ఇంటి ముందుగదిలో, రెండడుగుల గాజుతొట్టిలో, కోరీడోరస్ అనే చిన్న జెల్లచేపలు గుడ్లు పెడతాయి. దక్షిణ అమెరికా వాగులూ నదులూ పుట్టిల్లైన ఈ చేపకు మన కార్తెలు తెలియవు. అది గుర్తుపట్టేది నీటిలో వచ్చే మార్పును మాత్రమే. తరతరాలుగా పెంపక కేంద్రాల తొట్లలోనే పుట్టి పెరిగినా ఆ గుర్తింపు దానికి పోలేదు.

మన దుకాణాల్లో ఎక్కువగా దొరికేది కంచు రంగు కోరీ. ఆడచేప ఏడు సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది, మగది కొంత చిన్నగా, సన్నగా ఉంటుంది. దీనికి పొలుసులు ఉండవు. ఒంటికి రెండు పక్కలా రెండేసి వరుసల ఎముక పలకలు కవచంలా అమరి ఉంటాయి. ట్రినిడాడ్ దీవిలో దొరికిన చేపల ఆధారంగా థియోడర్ గిల్ 1858లో దీనిని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. 2024లో శాస్త్రవేత్తలు కోరీడోరస్ ప్రజాతిని విడదీసి దీనిని ఆస్టియోగాస్టర్ అనే ప్రజాతిలో చేర్చారు గాని, పెంచేవారందరికీ ఇది ఇప్పటికీ కోరీయే.

అడుగున ఇసుకను మీసాలతో తడుముతూ తిరిగే ఈ చేప ఉన్నట్టుండి బాణంలా పైకి దూసుకువచ్చి, ఒక గుక్క గాలి మింగి, మళ్లీ కిందికి దిగిపోతుంది. మన చెరువుల్లోని మార్పు చేప మొప్పల పైనున్న, చెట్టు కొమ్మల వంటి అవయవంతో గాలి పీల్చుకుంటుంది. కోరీ మాత్రం మింగిన గాలిలోని ఆక్సిజన్‌ను పేగు చివరి భాగంలోని రక్తనాళాల ద్వారా గ్రహించి, మిగిలిన గాలిని వెనుకనుంచి వదిలేస్తుంది. ఇలా అప్పుడప్పుడు చేయడం దాని సహజ స్వభావమే. మాటిమాటికీ చేస్తుంటే తొట్టి నీటిలో ఆక్సిజన్ తగ్గిందని అనుమానించాలి.

ఎండాకాలంలో దాని స్వస్థలంలో వాగులు కుంచించుకుపోయి, నీటిలోని లవణాలు చిక్కబడతాయి. వానలు మొదలవగానే చల్లని, లవణాలు తక్కువగా ఉన్న కొత్తనీరు ఒడ్డు దాటి చెట్ల మధ్యకు పారుతుంది. సూక్ష్మజీవులు, పురుగులు పెరిగి పిల్లలకు తిండీ దాక్కునే చోటూ రెండూ దొరుకుతాయి. గుడ్లు పెట్టడానికి చేప ఆ అదను కోసమే ఆగుతుంది. కనుక పెంచేవారు చేయవలసింది ఆ వానను తొట్టిలోకి తేవడమే. ఒక్కో ఆడచేపకు రెండు మగచేపల లెక్కన ఆరింటిని ఒకచోట ఉంచి, రెండు వారాలు ఎర్రపురుగుల వంటి బలమైన తిండి పెట్టి, ఆ తరువాత మూడో వంతు నీటిని తీసి, మూడు నాలుగు డిగ్రీలు చల్లగా ఉన్న నీటిని మెల్లగా పోయాలి. ఒకసారికి ఫలితం రాకపోతే ఒకటి రెండు రోజులు ఆగి మళ్లీ చేయాలి. ఈ చేపకు 22 నుంచి 26 డిగ్రీలు హాయి. మే నెలలో మా గదిలోని నీరు 30 దాటుతుంది కనుక అప్పుడు ఈ ప్రయత్నం చేయను. బోరు నీటిలో లవణాలు ఎక్కువ. అందుకే మొదటి రెండు వానలకు డాబా కడిగినట్టయ్యాక పట్టిన వాననీటిని అందులో సగానికి సగం కలుపుతాను.

ఇక అసలు విశేషం సంపర్కంలో ఉంది. మగచేప అడ్డంగా నిలబడగా ఆడచేప నోటిని దాని పొట్టకు ఆనిస్తుంది. రెండూ కలిసి ఆంగ్ల అక్షరం 'టీ' ఆకారంలో కొన్ని క్షణాలు కదలకుండా ఉండిపోతాయి. అప్పుడు ఆడచేప మగచేప వీర్యాన్ని మింగుతుందని జపాన్ శాస్త్రవేత్తలు 1995లో వెల్లడించారు. వారు ఆ సమయంలో ఆడచేప నోటివద్ద నీలిరంగును వదిలితే అది కొన్ని సెకన్లలోనే వెనుకనుంచి బయటికి వచ్చింది. వీర్యం పేగులో జీర్ణమయ్యేలోపే జారివచ్చి, పొట్టకింది రెక్కలను దోసిలిలా ముడిచి పట్టుకున్న గుడ్లను చేరుతుందన్నమాట. పారే నీటిలో వీర్యం కొట్టుకుపోకుండా, పక్కనున్న మరో మగచేపది కలవకుండా ఆ విడత గుడ్లన్నీ ఒకే తండ్రివవుతాయి. నాకు తెలిసినంతలో చేపల జీవితంలో ఇంత ఆశ్చర్యకరమైన ఏర్పాటు మరొకటి లేదు.

ఆ దోసిలితో ఆడచేప గాజు గోడను వెతుక్కుంటూ వెళ్లి, నోటితో తడిమి శుభ్రం చేసి, జిగురుగా ఉండే గుడ్లను అంటిస్తుంది. కొన్ని గంటలపాటు ఇలా సాగి గుడ్లు వంద దాటవచ్చు. ఆపై తల్లిదండ్రులకే అవి ఆహారమవుతాయి. కాబట్టి వేలితో మెల్లగా దొర్లించి తీసి, అదే నీరు పోసిన చిన్న పాత్రలో వేసి, గాలి బుడగలు ఆడేలా పంపు గొట్టం అమర్చాలి. తెల్లబడిన గుడ్డుకు బూజు పడుతుంది, అది పక్కవాటికి పాకుతుంది. అందుకే వాటిని వెంటనే ఏరేయాలి. ఎండిన బాదం ఆకు ఒకటి వేస్తే బూజు కొంత అదుపులో ఉంటుంది, నీరు లేత టీ రంగుకు తిరుగుతుంది. నాలుగైదు రోజులకు పొదిగిన పిల్లలు రెండు రోజులు తమ పొట్టకున్న సొన సంచితోనే గడుపుతాయి. మూడోరోజుకు అప్పుడే పొదిగిన ఆర్టీమియా, అంటే ఉప్పునీటిలో బతికే రొయ్యలాంటి చిన్న జీవి పిల్లలు, సిద్ధంగా ఉండాలి. ఉప్పునీటిలో దాని గుడ్లు పొదగడానికి ఒక రోజు పడుతుంది కనుక ముందురోజే వేసిపెట్టుకోవాలి. తిన్న పిల్లల పొట్టలు నారింజ రంగులో కనబడతాయి. రోజూ ఉదయం నేను భూతద్దంతో మొదట చూసేది ఆ రంగునే.