అమ్మమ్మ ఆపరేషన్‌కు ముందు మీరు తెలుసుకోవాల్సింది

చిరంజీవులకు పెద్దమ్మ ఆశీస్సులు.

వచ్చే నెల వరంగల్‌లో అమ్మమ్మకు మోకీలు మార్పిడి ఆపరేషన్. మోకాలి సంగతి డాక్టర్లు చూసుకుంటారు. ఆమె మతిని కాపాడే పని మాత్రం చాలా వరకు ఇంటివాళ్లదే. అందుకే ఈ ఉత్తరం.

65 ఏళ్లు దాటినవారిలో పెద్ద ఆపరేషన్ అయిన రెండు మూడు రోజుల్లో తికమక తరచుగా కనిపిస్తుంది. డాక్టర్లు దాన్ని డెలీరియం అంటారు. పొద్దున చక్కగా మాట్లాడిన అమ్మమ్మ రాత్రికి మిమ్మల్ని గుర్తుపట్టకపోవచ్చు, బర్రెలకు మేత వేయాలంటూ మంచం దిగబోవచ్చు. బెదిరిపోకండి, గాలి సోకిందని ఎవరైనా అంటే నమ్మకండి. చాలామందికి కొద్ది రోజుల్లో తగ్గుతుంది. కొందరికి మాత్రం ఆ తర్వాత నెలల తరబడి జ్ఞాపకశక్తి మందగిస్తుంది కాబట్టి ముందు జాగ్రత్త కావాలి.

కేకలు వేసే రోగిని అందరూ గమనిస్తారు. ఉలుకూ పలుకూ లేకుండా పడుకున్నవారిని ‘పాపం, అలిసిపోయింది’ అని వదిలేస్తారు. ఏళ్ల తరబడి వార్డులో నర్సుగా పనిచేసినదాన్ని కాబట్టి గట్టిగా చెబుతున్నాను: ఆ మౌనమూ డెలీరియమే కావచ్చు. అమ్మమ్మ మామూలుగా ఎలా ఉంటుందో డ్యూటీ నర్సుకు తెలియదు, మీకు తెలుసు. తేడా కనిపించగానే చెప్పండి. నొప్పి, ఇన్ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం, మూత్రం ఆగిపోవడం వంటి కారణమేదో వెతకాలి.

మెలకువ రాగానే కళ్లజోడు, చెవి మిషన్ అందించండి. ఈ రోజు ఏ వారమో, తను ఎక్కడుందో మాటల్లో గుర్తుచేయండి. డాక్టర్ సరే అనగానే పట్టుకుని నడిపించండి, నీళ్లు తాగించండి, రాత్రి లైట్లు తగ్గించి నిద్రపోనివ్వండి. ఇవి చిన్న పనులు కావు. అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో 70 ఏళ్లు పైబడిన 852 మంది రోగులపై చేసిన అధ్యయనం 1999లో వెలువడింది. మామూలు వార్డులో 15 శాతం మందికి డెలీరియం వస్తే, ఇలాంటి సేవ అందినవారిలో 9.9 శాతానికే వచ్చింది. వాళ్లు ఆపరేషన్ రోగులు కారు, కానీ తర్వాత ఆపరేషన్ వార్డుల్లోనూ ఇదే పద్ధతి పాటించారు.

పూర్తి మత్తుకు బదులు వెన్నులో సూది ఇస్తే మతికి మంచిదా అని మీ అమ్మ అడిగింది. తుంటి విరిగిన 1600 మందిపై జరిపి 2021లో ప్రకటించిన పరీక్షలో రెండు రకాల మత్తుకూ డెలీరియం దాదాపు సమానంగానే వచ్చింది. అది మత్తు డాక్టర్‌కే వదిలేద్దాం.

ఇప్పుడు మీరు చేయాల్సిన పని ఒకటుంది. అమ్మమ్మ వేసుకునే మాత్రలన్నీ చీటీ మీద రాయండి. నిద్ర మాత్ర, దురదకు వేసుకునేది, నాటు మందు, ఏదీ వదలకండి. కొన్ని నిద్ర మాత్రలు, అలర్జీ మాత్రలు తికమకను పెంచుతాయి. అలాగని మీరే ఆపించకండి, హఠాత్తుగా మానేసినా ప్రమాదమే. సాయంత్రం కల్లు తాగే అలవాటునూ సిగ్గుపడకుండా రాయండి. మన దగ్గర కల్తీ కల్లులో మత్తు మందులు కలిపిన ఉదంతాలున్నాయి, అది ఒక్కసారిగా ఆగితే ఆసుపత్రిలో మతి తప్పవచ్చు. ఆదివారంలోగా ఆ చీటీ ఫోటో నాకు పంపండి, మత్తు డాక్టర్‌ను కలిసేటప్పుడు తీసుకెళతాను.

మీ పెద్దమ్మ