షాంపూని చిక్కబరిచే ఉప్పు

పిల్లలూ,

"షాంపూలో జిగురు కలుపుతారా తాతయ్యా? అంత చిక్కగా ఎలా ఉంటుంది?" అని అడిగారు కదా. చాలా షాంపూల్లో జిగురేమీ ఉండదు. వాటిని చిక్కబరిచేది మామూలు ఉప్పే.

షాంపూలో ఎక్కువ భాగం నీళ్లే. నురగ తెప్పించే పదార్థం, తరచుగా సోడియం లారెత్ సల్ఫేట్, ఆ నీళ్లలో కంటికి కనపడనంత చిన్న ఉండలుగా తేలుతుంటుంది. ఒక గిన్నె నిండా పూసలున్నాయనుకోండి. వంచితే బొలబొలా రాలిపోతాయి. ఉప్పు వేయకముందు షాంపూ అలాగే పల్చగా జారుతుంది. ఉండలోని అణువుల తలలు, అంటే నీళ్లవైపు ఉండే కొసలు, ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి కాబట్టే అది గుండ్రంగా ఉంటుంది. ఉప్పు ఆ నెట్టుడు తగ్గిస్తుంది. అణువులు దగ్గరగా సర్దుకుని, ఉండ కాస్తా దారంలా సాగుతుంది. ఇప్పుడు గిన్నె నిండా దారాలు. వంచితే ఒక పోగు పక్క పోగును పట్టుకుంటుంది, రాలదు. అరచేతుల మధ్య రుద్దితే దువ్వినట్టు ఒకే వైపుకి తిరిగి సులువుగా జారతాయి. ఆపగానే మళ్లీ చిక్కుపడతాయి.

తయారుచేసేవాళ్లు ఉప్పు గుమ్మరించరు. పరిమళం కూడా చిక్కదనాన్ని మారుస్తుంది కనుక ముందు దాన్ని కలిపేస్తారు. తర్వాత 20 శాతం ఉప్పునీళ్లను కొద్దికొద్దిగా పోస్తూ, గాలిబుడగలు చేరకుండా నిదానంగా కలుపుతారు. 25 డిగ్రీలకు చల్లారాకే కొలుస్తారు. వేడిమీద పల్చగా ఉందని ఇంకాస్త పోశారో, చల్లారాక సీసాలోంచి రాదు.

చాలావాటికి ఒకటి నుంచి మూడు శాతం ఉప్పు చాలు. అది దాటితే షాంపూ మళ్లీ నీళ్లయిపోతుంది! అప్పుడు ఇంకా ఉప్పు వేస్తే మరింత పల్చబడుతుంది. ఉప్పు వేయని షాంపూ కలిపి సరిదిద్దుకోవాలి. ఎందుకిలా? దారాలకు కొమ్మలొస్తాయి, ఆ కొమ్మ మొదళ్లు దారం పొడవునా జారుతూ పోతాయి. నా దారాల పోలిక ఇక్కడితో సరి. తనంతట తాను నడిచే ముడి ఏ దారానికుంటుంది చెప్పండి?

చేతులకు రాసుకునే జెల్ కథ వేరు. అందులో తరచుగా అర శాతం లోపు కార్బోమర్ అనే చిక్కబరిచే పొడి ఉంటుంది. దాన్ని ముందు నీళ్లలో ఉండకట్టకుండా చల్లి, నానాక కొంచెం క్షారం కలిపితే ఉబ్బి గట్టిపడుతుంది. దానికి ఉప్పు పడదు. చెమట చేతిమీద వేసి చూడండి, ఇట్టే నీరవుతుంది.

ఇప్పుడు రెండు చెంచాల షాంపూ ఒక గిన్నెలో పోసి, చిటికెడు చొప్పున ఉప్పు వేస్తూ మెల్లగా కలపండి. ఒక్కో చిటికెకీ చెంచా పైకెత్తి, ధార ఎంత పొడవు సాగి తెగుతుందో చూడండి. కంట్లో పడనీయకండి. ఏ చిటికె దగ్గర ఏమైందో రాసి పంపండి.

మీ తాతయ్య