సముద్రపు గాలిలో ఇనుప కంచెకి ఏ రంగు?

మా చెల్లెలు విశాఖ సాగర్‌నగర్‌లో ఇల్లు కట్టుకుంది. ప్రహరీ గోడని సగం ఎత్తులో ఆపి, పైన ఇనుప గ్రిల్‌తో కంచె పెట్టించింది. షేడ్ కార్డు తిప్పుతూ మంచి మెరుపున్న ఎరుపు దగ్గర ఆగింది. "ఎదురింటివాళ్లదీ ఇదే రంగు అన్నయ్యా, వేసినప్పుడు ఎంత బాగుందో!" అంది.

వెళ్లి చూశాం. రంగు వేసి రెండేళ్లయిందట. ఎండ పడే వైపు ఊచలు పాలిపోయాయి. బొటనవేలితో రుద్దితే పొడి అంటుకుంది. కాగితంపూల తీగని కాస్త పక్కకి జరిపితే, దాని నీడలో ఉన్న ఊచలు మాత్రం కొత్తవాటిలా ఎర్రగా ఉన్నాయి. డబ్బా ఒకటే, వేసిన రోజూ ఒకటే.

ఎరుపు మనకి ఎర్రగా కనిపించేది కాంతిలోని నీలం, ఆకుపచ్చ భాగాలని మింగి ఎరుపుని వెనక్కి పంపుతుంది కాబట్టి. నీలం వైపు కాంతికి శక్తి ఎక్కువ, అతినీలలోహిత కిరణాలకి ఇంకా ఎక్కువ. చవకగా దొరికే మెరిసే ఎరుపుల్లో చాలావరకు కర్బన అణువులవి. రోజూ ఆ శక్తి తగిలి వాటి బంధాలు తెగుతాయి. తెగిన అణువుకి రంగుండదు. తెల్లరంగు కలిపి గులాబీ చేస్తే ఇంకా తొందరగా వెలుస్తుంది. వేలికి అంటిన పొడి సంగతి వేరు. రంగుని ఇనుముకి పట్టి ఉంచే జిగురు ఎండకి చివికిపోతే, రేణువులు ఇలా ఊడివస్తాయి.

కర్బన రంగులన్నీ ఇంతేనని కాదు. థాలోసయనిన్ అనే నీలం, ఆకుపచ్చ రంగుల అణువు నడుమ రాగి ఉంటుంది. అది ఎండకి బాగా తట్టుకుంటుంది.

అసలు ఎండకి వెలవని ఎరుపు కావాలంటే భీమిలి దారిలోనే ఉంది. ఎర్రమట్టి దిబ్బల ఇసుక రేణువులకి ఆ ఎరుపునిచ్చింది హెమటైట్, అంటే ఐరన్ ఆక్సైడ్. వేల ఏళ్లుగా ఎండలో పడి ఉన్నా ఆ రంగు పోలేదు. అందులోని ఇనుము అప్పటికే ఆక్సిజన్‌తో పూర్తిగా కలిసిపోయింది, ఎండ దాన్ని కొత్తగా చేయగలిగింది పెద్దగా లేదు. ఈ దిబ్బలని 2014లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. ఇటుక ఎరుపు, కాఫీ రంగు, గైరికం (జేగురు రంగు), మట్టి పసుపు అన్నీ ఈ ఐరన్ ఆక్సైడ్ల కుటుంబమే. భీమిలి తీరపు నల్ల ఇసుకలో ఇల్మనైట్ ఉంటుంది. తెల్ల పెయింట్లకి ప్రాణమైన టైటానియం డయాక్సైడ్‌ని తీసేది అలాంటి ఖనిజం నుంచే. మన ఊరి మట్టిలోనే ఇన్ని గట్టి రంగులుండటం నాకు ఎప్పుడు తలుచుకున్నా సంతోషంగా ఉంటుంది.

ఎండ రంగుని తింటే, ఉప్పు ఇనుముని తింటుంది. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమని పీల్చుకుని తనే నీరవుతుంది. సముద్రం పక్కన అలాంటి గంటలు రోజూ ఉంటాయి. అంటే వాన పడకపోయినా కంచె మీద పలచని ఉప్పునీటి పొర ఉన్నట్టే. రంగు వేసేముందు గరుకు కాగితంతో గీకితే సరిపోదు. తుప్పు గుంటల్లో దాగిన ఉప్పు అలాగే ఉండిపోయి, పెయింట్ కింద నీటిని లాక్కుని బొబ్బలు లేపుతుంది. గీకాక మంచినీళ్లతో కడిగి, బాగా ఆరనిచ్చి, అదే రోజు ప్రైమర్ వేయించాలి. రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ ముఖ్యంగా అడ్డుగోడలా పనిచేస్తుంది. జింక్ ఫాస్ఫేట్ కలిసిన ప్రైమరైతే తుప్పు పట్టే చర్యనే మందగింపజేస్తుంది. డబ్బులు మిగుల్చుకోవాలనుకుంటే పైరంగులో మిగుల్చుకోండి, ప్రైమర్‌లో వద్దు.

పాత గేటు గీకించేవాళ్లకి ఒక మాట. ఒకప్పుడు మెరిసే పసుపు, నారింజ పెయింట్లలో సీసం ఉండేది. ఇళ్ల పెయింట్లలో సీసం పదిలక్షల భాగాలకి 90 భాగాలు దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. పాత రంగుని తడిపి గీకించండి, పిల్లలని దగ్గరికి రానివ్వకండి.

ఇంక వేడి. ముదురు రంగు ఎండని ఎక్కువ మింగుతుంది, మే నెల మధ్యాహ్నం నల్ల గేటు గడియ ముట్టుకోలేం. మూడు మీటర్ల ఇనుప గేటు 30 డిగ్రీలు వేడెక్కితే దాదాపు ఒక మిల్లీమీటరు సాగుతుంది, రాత్రికి మళ్లీ ముడుచుకుంటుంది. పాతబడిన ఎనామిల్ పెయింట్ అంత మెత్తగా సాగలేక వెంట్రుకవాసి పగుళ్లు తెస్తుంది. ఆ పగుళ్లలోంచే ఉప్పునీరు దిగుతుంది.

కాఫీ రంగు వేస్తే తుప్పు కనిపించదని పెయింటర్ సలహా. నాకు అదే నచ్చలేదు. లేత రంగు మీద తుప్పు చుక్క మొదటి వారమే కనిపిస్తుంది, అప్పుడే అక్కడ గీకి మళ్లీ రంగు అద్దుకోవచ్చు. ముదురు కాఫీ రంగు కింద అది ఊచని తినేదాకా తెలియదు.

చెల్లెలికి చెప్పాను, మట్టి పసుపులో లేత ఛాయ చూడమని. ఆ రంగునీ, బూడిద రంగునీ రెండేసి కోటింగులు వేసిన రేకు ముక్కలు ఇప్పుడు వాళ్ల గేటు స్తంభానికి వేలాడుతున్నాయి. షాపులో ట్యూబ్‌లైట్ కింద రెండూ చప్పగా ఉన్నాయి. పొద్దున్నే సముద్రం మీదనుంచి ఎండ పడేసరికి పసుపు ముక్క ఇసుక రంగులోకి తిరిగింది. "ఇదే వేయించేద్దాం అన్నయ్యా," అని ఫోన్ చేసింది.