స్నాప్‌షాట్ ఉంది కదా, బ్యాకప్ ఎందుకు? అపోహలు - వాస్తవాలు

"స్నాప్‌షాట్ తీశాం సర్, ఇక టెన్షన్ లేదు." వర్చువల్ మెషిన్లు (వీఎంలు, అంటే అసలు సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంప్యూటర్లు) చూసుకునే పనిలో నేను తరచూ వినే మాట ఇది. విన్న ప్రతిసారీ నాకు టెన్షన్ మొదలవుతుంది. వీఎం ఒక క్షణంలో ఎలా ఉందో గుర్తుపెట్టుకుని, కావాలంటే అక్కడికి వెనక్కి వెళ్లనిచ్చే స్నాప్‌షాట్ మంచి పనిముట్టే, నేనూ రోజూ వాడతాను. దాన్ని బ్యాకప్ అనుకోవడంతోనే చిక్కంతా.

అపోహ: స్నాప్‌షాట్ అంటే వీఎంకి పూర్తి కాపీ.

కాదు. కిరాణా కొట్టు ఖాతా పుస్తకాన్ని ఊహించుకోండి. ఇవాళ్టితో పుస్తకంలో రాయడం ఆపేసి, రేపటి నుంచి లెక్కలన్నీ చిట్టీల మీద రాస్తున్నారనుకుందాం. వీఎంలను నడిపే సాఫ్ట్‌వేర్ వీఎంవేర్‌లో స్నాప్‌షాట్ తీసినప్పుడు జరిగేది దాదాపు ఇదే. అసలు డిస్క్ ఫైల్‌లో రాయడం ఆగిపోతుంది, కొత్తగా రాసేదంతా డెల్టా ఫైల్‌లోకి వెళ్తుంది. పుస్తకం పోతే చిట్టీలకు అర్థం లేదు. చిట్టీలు పోతే పుస్తకంలో ఉన్నది పాత లెక్క. మామూలుగా రెండూ ఒకే స్టోరేజీలో ఉంటాయి కాబట్టి, ఆ స్టోరేజీ పాడైతే రెండూ కలిసే పోతాయి.

అపోహ: ఉంటే ఉండనీ, దానివల్ల నష్టమేంటి?

డెల్టా ఫైల్ రోజురోజుకీ పెరుగుతుంది. వదిలేస్తే అసలు డిస్క్ అంత సైజుకీ చేరగలదు. ఒకదాని మీద ఒకటి 32 స్నాప్‌షాట్ల దాకా వీఎంవేర్ ఒప్పుకుంటుంది. కానీ రెండు మూడుకు మించవద్దనీ, ఏ స్నాప్‌షాట్‌నీ 72 గంటలు దాటి ఉంచవద్దనీ చెప్పేది కూడా వాళ్లే. నా లెక్కలో 72 గంటలు కూడా ఎక్కువే.

అపోహ: స్నాప్‌షాట్ డిలీట్ చేస్తే ఈ మధ్య డేటా పోతుంది.

ఈ భయంతోనే చాలామంది నెలల తరబడి దాన్ని ముట్టుకోరు. డిలీట్ చేస్తే చిట్టీల్లోని లెక్కంతా పుస్తకంలోకి ఎక్కుతుంది, ఏదీ పోదు. కొత్త డేటా పోయేది రివర్ట్ నొక్కితేనే, అంటే స్నాప్‌షాట్ తీసిన నాటికి వీఎంని వెనక్కి తీసుకెళ్తేనే. డెల్టా పెద్దదైతే ఇలా కలపడానికి గంటలు పడుతుంది, ఆ సేపు డిస్క్ మీద భారం పడుతుంది. అందుకే రాత్రిపూట పెట్టుకోవాలి. మన తెలుగులో ఇంకో ప్రమాదం ఉంది. "తీశా" అంటే కొత్తగా తీశాడో, ఉన్నది తీసేశాడో తెలియదు. మా టీమ్‌లో ఆ మాట మానేసి "క్రియేట్ చేశా", "డిలీట్ చేశా" అనే అంటున్నాం.

ఈ డిలీట్‌ని స్నాప్‌షాట్ మేనేజర్ నుంచే చేయాలి, ఫైళ్ల ఫోల్డర్‌లోకి వెళ్లి కాదు. ఎందుకంత గట్టిగా చెబుతున్నానంటే, ఒక ఆఫీసులో బిల్లింగ్ సర్వర్‌కి అప్‌గ్రేడ్ ముందు స్నాప్‌షాట్ పెట్టి మర్చిపోయారు. ఐదు నెలల తర్వాత, నెలాఖరు రోజు పొద్దున డేటాస్టోర్ (వీఎం ఫైళ్లు ఉండే స్టోరేజీ) నిండిపోయింది. వీఎం ఆగి, స్థలం ఖాళీ చేసి రీట్రై నొక్కమని స్క్రీన్ మీద అడుగుతోంది. డ్యూటీలో ఉన్న కుర్రాడు కంగారులో కాన్సిల్ నొక్కాడు, వీఎం ఆఫ్ అయిపోయింది. తర్వాత ఫోల్డర్ తెరిచి చూశాడు. పేరు చివర 000001 అని ఉన్న పెద్ద ఫైల్ కనిపించింది. ఏదో పాత కాపీ అనుకుని దాన్నే డిలీట్ చేశాడు. ఐదు నెలల బిల్లులూ ఉన్నది అందులోనే.

నాకు ఫోన్ వచ్చేసరికి ఆ అబ్బాయి గొంతు వణుకుతోంది. ముందురోజు రాత్రి బ్యాకప్ వేరే నాస్ బాక్స్‌లో (నెట్‌వర్క్‌కి తగిలించిన విడి స్టోరేజీలో) పడి ఉంది కాబట్టి సాయంత్రానికి సర్వర్ లేచింది. ఆ పొద్దుటి బిల్లులు మాత్రం కాగితాలు చూసి మళ్లీ ఎక్కించుకున్నారు. స్నాప్‌షాట్ చేసిన నష్టాన్ని పూడ్చింది బ్యాకప్పే.

అపోహ: రివర్ట్ చేస్తే అన్నీ యథాతథంగా వచ్చేస్తాయి.

వీఎం వెనక్కి వెళ్తుంది, చుట్టూ ఉన్న లోకం వెళ్లదు. డొమైన్‌లో (ఆఫీసు లాగిన్లన్నీ ఒకేచోట చూసుకునే ఏర్పాటులో) ఉన్న విండోస్ మెషిన్ మామూలుగా 30 రోజులకోసారి తన పాస్‌వర్డ్ తనే మార్చుకుంటుంది. పాత స్నాప్‌షాట్‌కి వెళ్తే పాత పాస్‌వర్డ్ వస్తుంది, డొమైన్ దాన్ని గుర్తుపట్టదు, లాగిన్ ఆగిపోతుంది. ఆ లాగిన్లను నడిపే సర్వర్, డొమైన్ కంట్రోలర్‌తో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. విండోస్ సర్వర్ 2012 నుంచి దానికి కొంత రక్షణ వచ్చినా, నేను మాత్రం దాన్ని రివర్ట్ చేయను. ఇంకొకటి, సెట్టింగుల్లో ఇండిపెండెంట్ అని పెట్టిన డిస్కులు స్నాప్‌షాట్‌లోకి రావు. డేటాబేస్‌ని అలాంటి డిస్క్ మీద పెట్టి ఉంటే, రివర్ట్ తర్వాత ప్రోగ్రామ్ పాతది, డేటా కొత్తది అవుతుంది.

అపోహ: బ్యాకప్ సాఫ్ట్‌వేర్ కూడా స్నాప్‌షాటే వాడుతుంది కదా.

వాడుతుంది, కాసేపే. స్నాప్‌షాట్ పెట్టి, డేటాని వేరే చోటికి కాపీ చేసుకుని, వెంటనే డిలీట్ చేసేస్తుంది. ఒక్కోసారి ఆ చివరి డిలీట్ ఫెయిలై స్నాప్‌షాట్ అక్కడే మిగిలిపోతుంది. పొద్దున్నే బ్యాకప్ రిపోర్టుతో పాటు, కన్సాలిడేషన్ (మిగిలిపోయిన డెల్టాలను అసలు డిస్క్‌లో కలపడం) కావాలనే హెచ్చరిక ఎక్కడైనా ఉందా అని కూడా చూడండి.

నేను పాటించే వరస ఇది. ప్యాచ్ (సాఫ్ట్‌వేర్ సవరణ) వేసే ముందు, రాత్రి బ్యాకప్ పూర్తయిందో లేదో చూస్తాను. అది లేకుండా స్నాప్‌షాట్ జోలికి వెళ్లను. స్నాప్‌షాట్ పేరులోనే ఎవరు పెట్టారు, ఎందుకు, ఏ తేదీకి డిలీట్ చేయాలి అని రాస్తాను. అప్లికేషన్ సరిగ్గా నడుస్తోందని యూజర్లు చెప్పిన రోజు రాత్రే డిలీట్ చేస్తాను. మూడు నెలలకోసారి బ్యాకప్ నుంచి ఒక వీఎంని, నెట్‌వర్క్ తీసేసి, లేపుతాను. లాగిన్ అయి చివరి బిల్లు నంబరు చూసి, అకౌంట్స్ వాళ్లు చెప్పిన నంబరుతో సరిపోల్చి, అప్పుడే రిజిస్టర్‌లో టిక్ పెడతాను.