బలపం రాయి, అయస్కాంతం తీగ

బేతంచెర్ల దగ్గర ముద్దవరం వైపు దొరికే బలపం రాయిని గోటితో గీకితే పొడి రాలుతుంది. అదే రాయిని బట్టీలో వెయ్యి డిగ్రీలు దాటించి కాలిస్తే, లోపల పట్టి ఉన్న నీరంతా పోయి ఇనుప మేకుకు కూడా లొంగనంత గట్టిపడుతుంది. కరెంటునూ పోనివ్వదు. హీటర్ తీగలకు గుచ్చే తెల్ల పూసల్లో చాలా వాటికి ఈ రాయే మూలం. బాగా చల్లబరిస్తే కరెంటుకు నిరోధమే లేకుండా పోయే తీగను సూపర్‌కండక్టర్ అంటారు. దానితో చేసే కొన్ని బలమైన అయస్కాంతాలకూ ఇలాంటి సిరామిక్కే, అంటే కాల్చి గట్టిపరిచిన పదార్థమే, కావాలి. కాకపోతే అక్కడ కాల్చిన పూసను తెచ్చి తొడిగితే సరిపోదు.

అసలు నిరోధమే లేని తీగకు ఇన్సులేషన్ ఎందుకు? కరెంటు నిలకడగా పారుతున్నంతసేపు చుట్టుకూ చుట్టుకూ మధ్య వోల్టేజీ దాదాపు ఉండదు, నిజమే. కానీ తీగ ఎక్కడో ఒకచోట కాస్త వేడెక్కి ఆ గుణం పోగొట్టుకుందంటే చిక్కే. దీన్ని క్వెంచ్ అంటారు. అప్పుడు వందల, వేల ఆంపియర్ల కరెంటును చకచకా దించేయాలి. అది అంత వేగంగా పడిపోతే కాయిల్‌లో వందల వోల్టులు, బాగా పెద్దవాటిలో వేల వోల్టులు పుడతాయి. ఇన్సులేషన్ అప్పుడు తట్టుకోకపోతే కాయిల్ కాలిపోతుంది.

అనంతపురం, కర్నూలు ఆస్పత్రుల్లో ఉండే 1.5 టెస్లా ఎంఆర్‌ఐ యంత్రాలకు ఇన్సులేషన్ బెంగ తక్కువ. వాటిలోది నియోబియం-టైటానియం, చెప్పినట్టు వంగే లోహం. జెనీవా దగ్గర కణాలను ఢీకొట్టించే పెద్ద యంత్రం ఎల్‌హెచ్‌సీలో 1.9 కెల్విన్ (సుమారు మైనస్ 271 డిగ్రీల) చలిలో పనిచేసే 1232 పెద్ద అయస్కాంతాలూ దానితో చేసినవే. ఎల్‌హెచ్‌సీ వాటికి పాలిఇమైడ్ అనే ప్లాస్టిక్ టేపు చుడితే చాలు.

ఇంకా బలమైన అయస్కాంతం కావాలంటే నియోబియం-టిన్ వైపు వెళ్లాలి. దాని సూపర్‌కండక్టర్ గుణం 1954లోనే బయటపడింది, కానీ దాని తీరు జొన్నరొట్టెది: పిండి ముద్దను ఎలాగైనా తట్టొచ్చు, కాలి ఎండిన రొట్టెను వంచితే పటుక్కున విరుగుతుంది. అందుకే నియోబియం, టిన్ ఇంకా విడివిడిగా ఉన్నప్పుడే తీగను చుట్టేసి, ఆ తర్వాత కాయిల్ మొత్తాన్ని సుమారు 650 డిగ్రీల దగ్గర రోజుల తరబడి కాలుస్తారు. ఇన్సులేషన్ కూడా తీగతో పాటే కొలిమిలోకి వెళ్లాలి.

ఇక్కడ పాలిఇమైడ్ మసైపోతుంది. మసి కరెంటును మోస్తుంది, అంటే ఆపాల్సిందే దారి ఇచ్చినట్టు. గాజు నూలు అల్లిక ఆ వేడికి తట్టుకుంటుంది గానీ, నేతకు వీలుగా దానికి పెట్టిన గంజి మాడి మసి మిగులుస్తుంది. ధర్మవరం నేతగాళ్లకు గంజి సంగతి చెప్పనక్కర్లేదు. ఇక్కడ ముందే దాన్ని వదిలించాలి, లేదా వేరే రకం వాడాలి.

సిరామిక్ బైండర్ వచ్చింది ఈ అవసరం కోసమే. గాజు గుడ్డకు దాన్ని ద్రవంగా పట్టిస్తారు. 150 డిగ్రీల దగ్గర ఓ మోస్తరుగా గట్టిపడి, కాయిల్ ఆకారం చెదరకుండా పట్టుకుంటుంది. కొలిమిలో అసలు సిరామిక్‌గా మారుతుంది. ఒకే పూత, రెండు పనులు: నాకు ఇందులో నచ్చింది ఇదే.

లోపం లేదనుకోకండి. కాలిన పొరలో సన్నటి రంధ్రాలుంటాయి. వాక్యూమ్‌లో ఎపాక్సీ అనే జిగురు ఎక్కించి వాటిని పూడుస్తారు. ఫ్రాన్స్‌లో కడుతున్న ఐటర్ లాంటి ఫ్యూజన్ (పరమాణు కేంద్రకాలను కలిపే) యంత్రాలకు వచ్చేసరికి ఇదే కొత్త తలనొప్పి. అక్కడ వెలువడే న్యూట్రాన్ల దెబ్బకు ఎపాక్సీ నీరసిస్తుంది, సిరామిక్ చాలావరకు ఓర్చుకుంటుంది. అందుకే ఐటర్‌లోని టొరాయిడల్ అనే కాయిళ్లకు మామూలు ఎపాక్సీ బదులు, రేడియేషన్‌ను మెరుగ్గా తట్టుకునే సైనేట్ ఎస్టర్ కలిపిన రెసిన్ ఎంచుకున్నారు.